పాత పోర్టబుల్ కంప్యూటర్‌కు పెద్ద తెర: ట్యూబు ఊడబీకనక్కరలేదు

సంపాదకులకు,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో పాత కంప్యూటర్ల సేకరణ గురించి ఈమధ్య వచ్చిన వ్యాసాన్ని మొదటి నుంచి చివరి వరకు చదివాను. ఇటువంటి విషయానికి చోటు ఇచ్చినందుకు ముందుగా నా కృతజ్ఞతలు. అయితే అందులో అచ్చయిన ఒక ఫొటో, దాని కింద ఉన్న రెండు వాక్యాలు నన్ను స్థిమితంగా ఉండనివ్వలేదు. 40 ఏళ్లు దాటిన ఒక పోర్టబుల్ కంప్యూటర్‌లోని పిక్చర్ ట్యూబును ఊడబీకి, ఆ ఖాళీలో ఒక ఎల్‌సీడీ పలకను అమర్చి, దానికి ‘పునర్జన్మ’ అని పేరు పెట్టారు. పాత యంత్రానికి స్పష్టమైన తెర కావాలంటే ఇదొక్కటే దారి అని కూడా రాశారు. పాలిటెక్నిక్‌లో 30 ఏళ్లకు పైగా ఎలక్ట్రానిక్స్ బోధించి పదవీ విరమణ చేసినవాడిగా, ఆ ఫొటోలో ఉన్న యంత్రం వంటిదే మా ఇంట్లో ఉన్నవాడిగా, ఆ మాట సరికాదని చెప్పడం నా బాధ్యత అనుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఫొటోలోని యంత్రం ఆస్‌బోర్న్ 1. ఇది 1981 ఏప్రిల్‌లో అమెరికాలో 1,795 డాలర్ల ధరకు విడుదలైంది. బరువు సుమారు 11 కిలోలు. మూత తీస్తే ఆ మూతే కీబోర్డు అవుతుంది. లోపల జడ్80 ప్రాసెసర్, 64 కిలోబైట్ల మెమరీ, అటూ ఇటూ రెండు ఫ్లాపీ డ్రైవులు, వాటి నడుమ ఇరుక్కున్నట్టుగా 5 అంగుళాల తెర ఉంటాయి. విమానంలో సీటు కింద పట్టాలన్న నియమం పెట్టుకుని కట్టిన పెట్టె కాబట్టి, రెండు డ్రైవులు పోగా మిగిలిన చోటులో అంతకంటే పెద్ద ట్యూబు పట్టదు. దాని తెర చిన్నది కావడం వెనుక ఉన్న లెక్క ఇదే. సీపీ/ఎం ఆపరేటింగ్ సిస్టమ్, ఉత్తరాలు, పత్రాలు రాసుకునే వర్డ్‌స్టార్, పట్టికలలో లెక్కలు వేసుకునే సూపర్‌కాల్క్ వంటివన్నీ యంత్రంతోపాటే ఇచ్చేవారు. ఆ రోజుల్లో వాటిని విడిగా కొనాలంటే యంత్రం ధరలో పెద్ద భాగమే అయ్యేది.

దీనిని అమ్మిన ఆడమ్ ఆస్‌బోర్న్ మనకు మరీ దూరపు మనిషి కాడని మీ వ్యాసంలో లేదు. ఆయన తండ్రి ఆర్థర్ ఆస్‌బోర్న్ రమణ మహర్షి భక్తుడు. ఆడమ్ బాల్యం తిరువణ్ణామలైలోను, కొడైకెనాల్‌లోను గడిచింది. గిరి ప్రదక్షిణకు అరుణాచలం వెళ్లే మన తెలుగువారిలో ఎందరికో ఆర్థర్ పేరు తెలుసు. ఆయన కొడుకే మొట్టమొదటి విజయవంతమైన పోర్టబుల్ కంప్యూటర్ తెచ్చినవాడని తెలిసినవారు తక్కువ. కంపెనీ 1983 సెప్టెంబరులో దివాలా తీసింది. ఆడమ్ అనారోగ్యంతో చివరి సంవత్సరాలను కొడైకెనాల్‌లోనే గడిపి, 2003 మార్చిలో అక్కడే కన్నుమూశారు. యంత్రం డిజైన్ చేసింది మాత్రం ఆయన కాదు, లీ ఫెల్సెన్‌స్టైన్ అనే ఇంజనీరు. కాలిఫోర్నియాలో అభిరుచితో కంప్యూటర్లు కట్టుకునేవారి హోమ్‌బ్రూ క్లబ్బు సమావేశాలను నడిపించిన ఆయన, వాడేవాడు విప్పి చూసి అర్థం చేసుకుని బాగు చేసుకోగలిగేలా యంత్రం ఉండాలని గట్టిగా నమ్మినవాడు. నేను చెప్పబోయే సంగతికి ఆ నమ్మకంతో సంబంధం ఉంది.

మా పెద్దన్నయ్య సివిల్ ఇంజనీరు. 1980ల మొదట్లో అమెరికాలో ఉద్యోగం చేస్తూ అక్కడ ఈ యంత్రాన్ని కొని, వంతెనల అంచనాలన్నీ సూపర్‌కాల్క్‌లోనే వేసేవాడు. తిరిగి వచ్చేటప్పుడు స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్‌తో సహా దానిని ఇంటికి తెచ్చాడు. కొన్నేళ్లు వాడి, తరువాత అటక ఎక్కించాడు. ఆయన కాలం చేశాక వదినగారు దానిని నా చేతికి ఇస్తూ, ‘ఆయన రాసుకున్నవి ఇందులో ఏమైనా ఉంటే చూడు’ అన్నారు. కరెంటు పెడితే డ్రైవు దీపం వెలిగింది, ఫ్లాపీ తిరిగిన చప్పుడు వచ్చింది, తెర మాత్రం నల్లగానే ఉంది. ముందు పలకపై ఉన్న బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ నాబులు రెండూ ఎంత తిప్పినా ఫలితం లేదు. నాకు అప్పట్లో కంటికి ఆపరేషన్ జరిగి చిన్న పని చేయలేని స్థితి కావడంతో, దానిని ఊళ్లో ఒక మరమ్మతు దుకాణానికి పంపాను. ట్యూబు చచ్చిపోయిందని, దానిని తీసేసి ఎల్‌సీడీ పెట్టించుకోవాలని, లేకపోతే తుక్కు కింద ఇచ్చేయాలని వారు చెప్పారు. ఆ మాటకు తలూపి ఉంటే ఈ ఉత్తరం రాసే అర్హత నాకు ఉండేది కాదు. యంత్రాన్ని వెనక్కి తెప్పించుకుని, కళ్లు కుదుటపడ్డాక నేనే చూద్దామని ఊరుకున్నాను.

ఆస్‌బోర్న్ 1 ముందు పలకపైనే, సీరియల్ పోర్టు వగైరాల సరసన, బయటి తెర కోసం 20 కాంటాక్టుల ఎడ్జ్ కనెక్టర్ ఒకటి, అంటే బోర్డు అంచు మీది లోహపు పట్టీలకే ప్లగ్గు తొడిగే అమరిక, ఉంటుంది. లోపలి బోర్డు నుంచి వచ్చే బొమ్మ సంకేతాలు నేరుగా లోపలి ట్యూబుకు పోవు. అవి ముందుగా ఈ కనెక్టర్ దగ్గరికి వచ్చి ఆగుతాయి. దానిపై బొటనవేలంత చిన్న ప్లగ్గు ఒకటి తొడిగి ఉంటుంది. ఆ ప్లగ్గులోని తీగలు ఒక కాంటాక్టును మరొక కాంటాక్టుతో కలపడం వల్లనే సంకేతాలు వెనక్కి మళ్లి లోపలి తెరకు చేరతాయి. ప్లగ్గు తీసి అదే చోట బయటి మానిటర్ తీగ పెడితే బొమ్మ బయటికి వెళుతుంది. ప్లగ్గు పోతే, బయటా ఏమీ లేకపోతే, యంత్రం నిక్షేపంగా ఉన్నా తెర నల్లగానే ఉంటుంది. మా యంత్రానికి జరిగింది ఇదే. అటకపై ఉన్న ఏళ్లలో ఎప్పుడో ఆ ప్లగ్గు ఊడి ఎక్కడో పడిపోయింది. దుకాణం వారు చచ్చిపోయిందన్న ట్యూబుకు ఏ జబ్బూ లేదు.

ఈ సంగతి నాకు తెలిసింది బయటి తెర కలిపినప్పుడే. ప్రతి గీత, ప్రతి బొమ్మ ఎప్పుడు మొదలవ్వాలో తెరకు చెప్పే సంకేతాన్ని సింక్ అంటారు. కనెక్టర్ మీద బొమ్మ సంకేతం, అడ్డు సింక్, నిలువు సింక్ మూడూ వేర్వేరు తీగల మీద, డిజిటల్ మట్టంలో వస్తాయి. సాధారణ టీవీకి ఇవి మూడూ కలిసి ఒకే తీగ మీద కంపోజిట్ రూపంలో, మొత్తం 1 వోల్టు ఎత్తులో కావాలి. అందులో సింక్ వాటా 0.3 వోల్టులు, వెలుగు వాటా 0.7 వోల్టులు. సింకులు రెండింటినీ 7486 అనే లాజిక్ చిప్పులోని ఒక గేటు ద్వారా ఒకటి చేసి, బొమ్మ సంకేతాన్ని దానికి తగిన రెసిస్టర్లతో కలిపి, ఒక ట్రాన్సిస్టర్ ఎమిటర్ ఫాలోయర్ (సంకేతానికి తీగను నడిపే బలం ఇచ్చే అమరిక) ద్వారా 75 ఓముల తీగలోకి పంపితే చాలు. డిప్లొమా రెండో సంవత్సరం విద్యార్థి బ్రెడ్‌బోర్డు మీద ఒక పూటలో కట్టగల పని ఇది. అయితే కనెక్టర్‌పై సంకేతాలతోపాటు సరఫరా వోల్టేజీ కూడా ఉంటుంది కాబట్టి, టెక్నికల్ మాన్యువల్‌లోని సర్క్యూట్ బొమ్మ ముందు పెట్టుకుని, మీటరుతో ఒక్కొక్క కాంటాక్టునూ సరిచూసుకోనిదే ఏదీ తగిలించకూడదు. ఎడ్జ్ కనెక్టర్‌ను తలకిందులుగా తొడిగే ప్రమాదం కూడా ఉంది. పై వరుస ఏదో, కింది వరుస ఏదో నేను ఎర్ర రంగుతో గుర్తు పెట్టుకున్నాను.

అంతకంటే ముందు చూడవలసింది పవర్ సప్లై. ఇన్నేళ్లు మూలన ఉన్న యంత్రాలలో కరెంటు వచ్చే చోట ఉండే కాగితపు ఫిల్టర్ కెపాసిటర్ల పైపొర పగిలి, గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. మా కాకినాడ వంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఇది మరీ ఎక్కువ. వాటిని మార్చకుండా కరెంటు పెడితే కాసేపటికి దట్టమైన పొగ, ఘాటైన వాసన వస్తాయి. పొగ వచ్చిందని భయపడి మంచి యంత్రాలను తుక్కులో వేసినవారిని నేను ఎరుగుదును.

మొదటి బొమ్మను చూడడానికి ఇంట్లో ఉన్న పాత నలుపు తెలుపు టీవీని వాడాను. హైదరాబాదు ఈసీఐఎల్ వారి ఈసీ టీవీ అది. ఇక్కడ ఒక హెచ్చరిక చేయకుండా ముందుకు పోలేను. పాత టీవీలు చాలావాటిలో లోపలి చట్రం నేరుగా మెయిన్స్‌కు కలిసి ఉంటుంది. ఏవీ సాకెట్ లేని అటువంటి టీవీలోకి తీగ లాగి కంప్యూటర్‌కు కలిపితే యంత్రమే కాదు, మనిషి ప్రాణమే పోవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా వేరుపరచి ఉందని ఖాయంగా తెలిసిన సెట్‌కు తప్ప మరి దేనికీ తీగ కలపరాదు. నా సెట్‌కు ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఉందని విప్పి చూసుకున్నాకే పని మొదలుపెట్టాను. ఇక లెక్కల సంగతి: ఈ కంప్యూటర్ సెకనుకు దాదాపు 15,600 గీతలు గీస్తుంది, మన టీవీ పద్ధతిలో 15,625. ఇది దాదాపు సరిపోయింది. నిలువు వేగం, అంటే సెకనుకు బొమ్మను పైనుంచి కిందికి ఎన్నిసార్లు గీస్తుందన్నది, మాత్రం కంప్యూటర్‌లో 60, మన టీవీలో 50. అందుకే మొదట బొమ్మ పైకి దొర్లిపోతూ కనిపించింది. వెనుక ఉన్న వర్టికల్ హోల్డ్ నాబును కొద్దిగా తిప్పగానే అది ఆగింది. ఫ్లాపీ పెట్టి రిటర్న్ నొక్కమని అడిగే ఆ మొదటి సందేశం అరచేయి వెడల్పున తెరపై నిలబడినప్పుడు, పక్కన కూర్చున్న వదినగారు ఏమీ మాట్లాడలేదు. అన్నయ్య దస్తూరీతో చీటీ అంటించి ఉన్న ఫ్లాపీని తీసి నా చేతికి ఇచ్చారు.

బొమ్మ బయట కనిపించిందంటే బోర్డు బతికే ఉందని అర్థం. కాబట్టి అనుమానం కనెక్టర్‌కూ లోపలి తెరకూ నడుమ ఉన్న దారి మీదికి వచ్చింది. మాన్యువల్ చూసి కొత్త ప్లగ్గు ఒకటి తయారుచేసి తొడిగాను. 5 అంగుళాల తెర వెలిగింది. ట్యూబు చచ్చిందో లేదో తేల్చుకోవడానికి బయటి తెర కంటే సులువైన పరీక్ష లేదు. ఊడబీకడానికి ముందు ఎవరైనా చేయవలసిన మొదటి పని అదే.

అయితే బయటి తెర పెడితే ఏమేమి వస్తాయో, ఏవి రావో స్పష్టంగా తెలుసుకోవాలి. మీ వ్యాసంలో ‘పెద్ద తెరతో ఎక్కువ సమాచారం’ అని ఉంది. అది ఈ యంత్రం విషయంలో నిజం కాదు. ఆస్‌బోర్న్ 1 మెమరీలో అడ్డంగా 128 అక్షరాలు, నిలువుగా 32 వరుసలు పట్టే కాగితం వంటిది ఒకటి ఉంటుంది. 128ని 32తో గుణిస్తే 4,096, అంటే సరిగ్గా 4 కిలోబైట్లు. అందులో ఒక్కసారికి కనిపించేది 52 అక్షరాల వెడల్పు, 24 వరుసల ఎత్తు గల కిటికీ మాత్రమే. కంట్రోల్ మీట, బాణం మీటలు కలిపి నొక్కుతూ ఆ కిటికీని అటూ ఇటూ జరుపుకోవాలి. తెర 5 అంగుళాలదైనా 50 అంగుళాలదైనా కిటికీ మాత్రం అంతే. అక్షరం పెద్దదవుతుంది కాని అక్షరాల సంఖ్య పెరగదు. ఒక వరుసకు 80 అక్షరాలు కావాలంటే దానికి వేరే బోర్డు ఉండాలి. స్క్రీన్‌ప్యాక్ పేరుతో అటువంటి బోర్డును కంపెనీయే తరువాత అందించింది. అది మా యంత్రంలో లేదు. లేనందుకు నాకు చింత కూడా లేదు. అన్నయ్య తన పట్టికలను ఆ 52 అక్షరాలకు సరిపోయేలా, ముఖ్యమైన మొత్తాలన్నీ ఎడమ వైపు కనిపించేలా ఎంత పొందిగ్గా అమర్చుకున్నాడో ఆ కిటికీలోంచి చూసినప్పుడే తెలిసింది. ఎల్‌సీడీ పెట్టి, సాఫ్ట్‌వేరుతో వెడల్పు మార్చి చూపిస్తే ఆ తీరు కంటికి ఆనదు.

కొత్త ఎల్‌సీడీ మానిటర్‌కు కలపడం గురించి కూడా కొంత చెప్పాలి. వీజీఏ సాకెట్ ఉన్న మానిటర్లు చాలావరకు సెకనుకు సుమారు 31,500 గీతల కంటే తక్కువ వేగాన్ని అంగీకరించవు. నేరుగా కలిపితే ‘పరిధి దాటింది’ అన్న సందేశం తప్ప బొమ్మ రాదు. నడుమ ఒక కన్వర్టర్ ఉండాలి. బజారులో చవకగా దొరికే ఏవీ కన్వర్టర్ పెట్టెలు పనిచేస్తాయి కాని, అవి టీవీ బొమ్మల కోసం చేసినవి కాబట్టి సన్నని అక్షరాల అంచులను అలికేస్తాయి. ఒక్కొక్క గీతను ఉన్నదున్నట్టు రెట్టింపు చేసే స్కాన్ డబ్లర్ అయితే అక్షరం పదునుగా నిలుస్తుంది. ధర ఎక్కువే కాని, ఒక కళాశాల ప్రయోగశాలకు భారం కాదు. పసుపుపచ్చ ఏవీ సాకెట్ ఉన్న పాత రంగుల టీవీ ఇంట్లో ఉంటే అన్నిటికంటే తేలిక.

ట్యూబును ఎందుకు కాపాడాలి అన్న ప్రశ్నకు నా సమాధానం ఇది. ఆ 5 అంగుళాల గాజు ఈ రోజు ఎక్కడా తయారుకావడం లేదు. ఒకసారి తీస్తే, తీసేటప్పుడు మెడ విరిగితే, మళ్లీ పెట్టడానికి మరొకటి దొరకదు. పైగా ట్యూబు వెనుక వేల వోల్టుల విద్యుత్తు ఉంటుంది, కరెంటు తీశాక కూడా అది కొంతసేపు నిలిచి ఉంటుంది. అలవాటు లేనివారు ఫొటో చూసి ఉత్సాహపడి స్క్రూడ్రైవర్ దూర్చడం ఎంత ప్రమాదమో మీ పాఠకులకు చెప్పకపోవడం పొరపాటు. బయటి తెర కలిపితే ట్యూబు దగ్గరికి చేయి పెట్టవలసిన అవసరమే ఉండదు. ట్యూబుకు విశ్రాంతి దొరికి, వెలుగు తగ్గిపోకుండా మరిన్ని ఏళ్లు ఉంటుంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు ప్లగ్గు తొడిగి పాత తెరనే చూసుకోవచ్చు. చేసిన మార్పును ఒక్క క్షణంలో వెనక్కి తీసుకోగలగడం పాత వస్తువును బాగుచేసేవాడు అన్నిటికంటే ముందు పాటించవలసిన నియమమని నేను విద్యార్థులకు ఎప్పుడూ చెప్పేవాణ్ణి.

అన్ని యంత్రాలకూ ఇంత తేలిక దారి ఉందని నేను అనడం లేదు. 1984 నాటి ఐబీఎం పోర్టబుల్‌లో బొమ్మను తయారుచేసేది మామూలు సీజీఏ వీడియో కార్డే కాబట్టి, దాని వెనుక సాకెట్ నుంచి బయటి తెర తీసుకోవచ్చు. 8 వరుసల తెర ఉన్న టీఆర్‌ఎస్-80 మోడల్ 100 అనే చిన్న పోర్టబుల్ అయితే కథ వేరు. దానికి బయటి తెర కావాలంటే కంపెనీ అమ్మిన ప్రత్యేకమైన డిస్క్, వీడియో పెట్టె ఉండాలి. ఏ యంత్రానికి తలుపు ఎక్కడ పెట్టారో ముందు వెతకాలి.

మన పాలిటెక్నిక్‌ల స్టోరు గదులలో, విశ్రాంత ఉద్యోగుల అటకలపై ఇటువంటి పెట్టెలు ఇంకా ఉన్నాయి. ఏటా వేలంపాటలో కిలోల లెక్కన అవి వెళ్లిపోవడం నేను ఉద్యోగంలో ఉండగానే చూశాను, ఆపలేకపోయాను. తుక్కు జాబితాలో చేర్చే ముందు ఒక్క పూట బయటి తెర కలిపి చూడమని కళాశాలల ప్రిన్సిపాళ్లను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుగా ఇస్తే విద్యార్థికి సింక్ అంటే ఏమిటో, 75 ఓములు ఎందుకో, బొమ్మ ఎలా దొర్లుతుందో, ఎలా ఆగుతుందో చేతితో తెలుస్తుంది. గత ఏడాది మా పాత కళాశాలలో ఈ యంత్రాన్ని గోడ మీది తెరకు కలిపి చూపించాను. 40 మంది పిల్లలు ఒకేసారి చూడగలిగారు. 5 అంగుళాల తెర చుట్టూ ముగ్గురికి మించి నిలబడలేరు. ఒక అమ్మాయి లేచి, ‘సార్, ఈ కనెక్టర్ పెట్టినాయనకు మేం ఇలా చూస్తామని అప్పుడే తెలుసా’ అని అడిగింది. ఎవరో ఒకరు చూస్తారని తెలిసే పెట్టి ఉంటాడని చెప్పాను.

నేను వాడిన కంపోజిట్ సర్క్యూట్, ప్లగ్గులో ఏ కాంటాక్టును దేనితో కలపాలో చూపే బొమ్మ రెండూ ఈ ఉత్తరంతో జతచేశాను. చోటు ఉంటే వాటిని అచ్చు వేయండి. చోటు లేకపోతే, ఆ ఫొటో కింద ‘ఇదొక్కటే దారి’ అన్న వాక్యానికి సవరణ అయినా వచ్చే ఆదివారం వేయవలసిందిగా మనవి.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత ఎలక్ట్రానిక్స్ అధ్యాపకుడు,
కాకినాడ